15 లక్షల విశాఖ, 24 లక్షల బెంగళూరు: ఒక కుటుంబం లెక్క

విశాఖపట్నంలో ఏడాదికి 15 లక్షల సీటీసీ (కంపెనీ ఒక ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చు) మీద పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 2025 చివర్లో బెంగళూరు నుంచి 24 లక్షల ఆఫర్ వచ్చింది. వెళ్లాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు, నేను చెప్పను. వెళ్తే నెలాఖరుకు చేతిలో ఇప్పటికంటే ఎక్కువ మిగులుతుందా, తక్కువ మిగులుతుందా అన్నది మాత్రం లెక్క కట్టి చెప్పగలను. ఫీజు తీసుకుని కుటుంబాల జమాఖర్చులు చూసే పని నాది. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే ప్రశ్నతో వస్తున్నారు. ఈ కుటుంబం లెక్కలో చాలా విషయాలు ఒకేసారి బయటపడ్డాయి, అందుకే వాళ్ల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. అంకెలు దగ్గరి వేలకి సరిచేసినవే తప్ప కల్పించినవి కావు.

ఆయన వయసు ముప్పై ఆరు. ఆఫీసు రుషికొండ కొండ మీద. ఆవిడ ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, చేతికి 30 వేలు. నాలుగో తరగతి చదివే పాప. ఎంవీపీ కాలనీలో నాన్నగారి ఇంట్లో పై అంతస్తులో ఉంటారు. వంట మాత్రం కిందే, అందరికీ కలిపి. నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది. ఆమదాలవలస దగ్గర కొంత పొలం కౌలుకిచ్చారు, ఏటా బియ్యం అక్కడి నుంచే వస్తాయి. భోగాపురం వైపు కొన్న స్థలానికి నెలకి 18,500 ఈఎంఐ నడుస్తోంది.

ముప్పై శాతం అన్న అంకె

ఆయన నా దగ్గరికి వచ్చేసరికే ఒక లెక్క వేసుకుని వచ్చారు. ఏదో వెబ్‌సైట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే విశాఖ కంటే బెంగళూరులో ఖర్చు ముప్పై శాతం ఎక్కువ అని వచ్చిందట. పదిహేను లక్షలకి ముప్పై శాతం కలిపితే పందొమ్మిదిన్నర. వాళ్లు ఇస్తున్నది ఇరవై నాలుగు. "అంటే ఏడాదికి నాలుగున్నర లక్షలు లాభమే కదండీ?" అన్నారు.

ఇలాంటి సైట్లు పనికిరావని అనను. ఊరి గురించి ఏమీ తెలియనప్పుడు ఒక అంచనాకి పనికొస్తాయి. నంబియో లాంటివి న్యూయార్క్‌ని 100గా పెట్టుకుని, జనం పంపిన ధరలతో మిగతా ఊళ్లకి అంకె ఇస్తాయి. వాటి బుట్టలో ఉన్న సరుకులు, వాటికి ఇచ్చిన ప్రాధాన్యం ఒక సగటు మనిషివి. ఆ సగటు మనిషికి నాన్నగారి మేడ ఉండదు, ఊరి నుంచి బియ్యం రావు, పాపని స్కూలు నుంచి తీసుకొచ్చే తాతగారు ఉండరు.

ఆవిడ లెక్కల టీచర్ కదా, మరో అడుగు ముందుకేసి ప్రభుత్వం వేసే ధరల సూచీ చూద్దామన్నారు. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని లేబర్ బ్యూరో 88 కేంద్రాలకి విడివిడిగా ఇస్తుంది. దాంతో ఊరికీ ఊరికీ పోలిక వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ రాదు. ఇప్పటి సిరీస్‌లో ప్రతి కేంద్రానికీ 2016లో సూచీ 100. అంటే ఆ ఏడాది అద్దె ఎనిమిది వేలున్న ఊరికీ వందే, ఇరవై వేలున్న ఊరికీ వందే. అక్కడి నుంచి ఏ ఊరిలో ధరలు ఎంత వేగంగా పెరిగాయో ఆ సూచీ చెబుతుంది. ఏ ఊరు ఖరీదైనదో మాత్రం దాన్ని బట్టి తెలియదు. ఒక చిన్న ఊరి సూచీ బెంగళూరు కంటే ఎక్కువ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ మాట చెప్పగానే ఆవిడకి అర్థమైంది. ఆయనకి మాత్రం కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది.

ఊరు మారితే నిజంగా ఏం మారుతుందో తెలుసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పే స్లిప్ చూస్తే చాలు. డీఏ (కరువు భత్యం) విశాఖలో ఉన్నా బెంగళూరులో ఉన్నా ఒకటే శాతం. ఊరిని బట్టి ప్రధానంగా మారేది హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం. యాభై లక్షల జనాభా దాటిన ఎక్స్ తరగతి నగరాలకి (హైదరాబాద్, బెంగళూరు అందులోవే) బేసిక్‌లో 30 శాతం. వై తరగతిలో ఉన్న విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు లాంటి వాటికి 20 శాతం. చిన్న ఊళ్లకి 10. ఉప్పూ పప్పూ ఎక్కడైనా దాదాపు ఒకటే, ఇల్లే వేరు అన్నది ఆ లెక్క వెనకున్న ఆలోచన. నా అనుభవంలో అందులో చాలా వరకూ నిజముంది. పిల్లలున్న ఇంటికి దానికి స్కూలు ఫీజు కూడా కలుపుకోవాలి.

ఇలాంటి వాటిని ఒక్క శాతంలో ఇరికించలేం. ఈఎంఐ, ఇన్సూరెన్స్, ఫోను బిల్లు, ఆన్‌లైన్‌లో కొనే వస్తువులు ఊరు మారినా రూపాయి మారవు. అద్దె మాత్రం మెయింటెనెన్స్‌తో కలిపి సున్నా నుంచి నలభై ఆరు వేలకి పోతుంది. సున్నాకి ముప్పై శాతం కలిపితే సున్నాయే.

పోలిక కోసం ఇంకొకరి లెక్క చెబుతాను. అదే ఆఫీసులో పెళ్లికాని ఒక కుర్రాడు 9 లక్షల మీద ఉన్నాడు. ఇక్కడా పీజీలోనే (పేయింగ్ గెస్ట్ హాస్టల్) ఉంటాడు. అతను బెంగళూరు వెళ్తే పీజీకి నెలకి 5,500, తిండికి 2,500, ఇంటికి రాకపోకలకి 2,000 అదనం. ఏడాదికి లక్షా ఇరవై వేలు. పన్ను పరిధి కిందే ఉంటాడు కాబట్టి పది లక్షల పాతిక, ముప్పై వేలు ఇస్తే అతనికి సరిసమానం. పధ్నాలుగు శాతం పెరిగితే చాలు. అదే వీళ్లకి ఎంత కావాలో చూద్దాం.

చేతికి వచ్చేది ఎంత

సీటీసీని సీటీసీతో పోల్చడం దగ్గరే సగం పొరపాట్లు జరుగుతాయి. ఇద్దరు యజమానులు ఆ పేరు కింద ఒకే వస్తువులు పెట్టరు.

విశాఖ కంపెనీ పీఎఫ్‌ని చట్టం చెప్పిన 15 వేల పరిమితి మీదే కడుతుంది, అంటే నెలకి 1,800. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తే ఏడాది జీతం 14,49,540. 2025-26 కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను, సెస్సు కలిపి 89,628. తన వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోగా నెలకి చేతికి 1,11,300.

బెంగళూరు 24 లక్షల్లో 2,40,000 వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది. మిగిలిన 21,60,000లో సగం బేసిక్, దాని మీద పూర్తి 12 శాతం పీఎఫ్. కంపెనీ వాటా 1,29,600, గ్రాట్యుటీ సుమారు 52 వేలు పక్కన పెడితే 19,78,452. పన్ను 1,87,918. ఆయన వాటా పీఎఫ్ మరో 1,29,600. కర్ణాటక వృత్తి పన్ను ఏడాదికి 2,500. నెలకి చేతికొచ్చేది 1,38,200.

సీటీసీ అరవై శాతం పెరిగింది. నెలనెలా బ్యాంకులో పడేది ఇరవై నాలుగు శాతమే పెరిగింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాక ఆయన కాసేపు మాట్లాడలేదు.

అయితే ఇక్కడ న్యాయంగా ఉండాలి. పీఎఫ్‌లోకి వెళ్లింది ఎక్కడికీ పోలేదు. 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. జీతం చేతికి తక్కువొస్తోందని పీఎఫ్ తగ్గించుకోమని నేను ఎవరికీ చెప్పను. అందుకని రెండు వైపులా పీఎఫ్‌ని (కంపెనీ వాటా, ఆయన వాటా కలిపి) పొదుపు కింద లెక్కేశాను: విశాఖలో నెలకి 3,600, బెంగళూరులో 21,600. వేరియబుల్ పూర్తిగా వస్తుందని నమ్మలేం. ఆ కంపెనీలో పనిచేస్తున్న తెలిసినవాళ్ల మాటని బట్టి 70 శాతం పెట్టాం. పన్ను పోగా ఏడాదికి 1,29,000, నెలకి 10,800 కింద. అప్పుడు ఆయన జీతం నెలకి 1,49,000 అనుకోవచ్చు.

ఖర్చు పద్దు

విశాఖలో ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకి 79 వేలు. ఇందులో ఈఎంఐ, ఇన్సూరెన్స్, అమ్మానాన్నల మందులు, పాప స్కూలు (వ్యానుతో కలిపి 8,000), ఉమ్మడి వంటింటికి ఇచ్చే 17 వేలు అన్నీ ఉన్నాయి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి) ఇందులో లేవు, అవి పొదుపు. ఇద్దరి జీతాలు 1,41,300లో ఇది పోతే మిగిలేది 62,300. పీఎఫ్ కలిపితే 65,900.

బెంగళూరు వైపు పద్దు రాయడానికి ఎక్కువ సమయం పట్టింది. ముందు చౌకగా ఉండేవి చెబుతాను, ఎందుకంటే అక్కడ అన్నీ ఖరీదే అనుకునేవాళ్లు ఎక్కువ. పెట్రోలు ఆంధ్రలోనే ఎక్కువ. వ్యాట్ 31 శాతం మీద లీటరుకి 4 రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. 2025లో విశాఖలో లీటరు 108 దాటి ఉంటే బెంగళూరులో 103 దగ్గర ఉంది. నందిని పాలు 2025 ఏప్రిల్‌లో లీటరుకి 4 రూపాయలు పెంచాక కూడా మన దగ్గర దొరికే ప్యాకెట్ పాల కంటే చౌకే. గ్యాస్ బండ దాదాపు ఒకటే. ఏసీ అవసరం పెద్దగా ఉండదు. విశాఖ ఉక్కపోతలో వీళ్ల కరెంటు బిల్లు నెలకి సగటున 2,800, అక్కడ 900 వేశాను. కర్ణాటక గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లు రాకపోవచ్చు, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది. కానీ ఎన్ని యూనిట్లు ఉచితమన్నది పాత వాడకం సగటుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ముందే సున్నా వేయలేదు.

ఇక ఖరీదైనవి.

ఆఫీసు బెళ్లందూరు దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు మీద. ఆ రోడ్డు వెంట మెట్రో పనులు ఇంకా నడుస్తున్నాయి. దూరంగా ఇల్లు తీసుకుంటే అద్దె తగ్గుతుంది, కానీ రోజుకి రెండున్నర, మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. రుషికొండ నుంచి ఎంవీపీ కాలనీకి బీచ్ రోడ్డు మీద అరగంటలోపు ఇంటికొచ్చే మనిషికి అది పెద్ద మార్పు. దగ్గర్లో గేటెడ్ అపార్ట్‌మెంట్లో డబుల్ బెడ్రూమ్ 42,000, మెయింటెనెన్స్ 4,500. నీళ్ల ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఉందో లేదో అడగమని చెప్పాను. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ఆ వైపు అపార్ట్‌మెంట్ల వాళ్లు ఏం పడ్డారో అందరూ చూశారు. కొన్నిచోట్ల అది విడిగా వేస్తారు.

అడ్వాన్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖలో రెండు మూడు నెలల అద్దె ఇస్తే సరిపోతుంది. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలు అడిగేవాళ్లు, ఇప్పుడు ఐదారు నెలలకి దిగింది. వీళ్లకి చెప్పింది ఐదు నెలలు, 2,10,000. వడ్డీ లేకుండా ఇంటి ఓనరు దగ్గర ఉండే డబ్బు. బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ నెలకి 1,100, దాన్నీ ఖర్చులో రాశాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ మామూలు. దానికి బ్రోకరేజీ, సామాను తరలింపు, స్కూలు అడ్మిషన్ ఫీజు 60 వేలు, చిన్నాచితకా కొనుగోళ్లు కలిపితే ఒక్కసారి అయ్యే ఖర్చు 2,44,000. మూడేళ్లు ఉంటారనుకుని పంచితే నెలకి 6,800. ఏడాదిన్నరకే తిరిగొస్తే ఇది రెట్టింపవుతుంది. ఈ ఒక్క అంకె మీద చాలామంది జాబ్ మార్పులు లెక్క తప్పుతాయి.

కారు ఇక్కడే వదిలేయమన్నాను. వేరే రాష్ట్రం బండి కర్ణాటకలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి లైఫ్‌టైమ్ ట్యాక్స్ కట్టాలి, ఆ పన్ను దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో అదొకటి. స్కూటర్, క్యాబ్, ఆటో అన్నీ కలిపి 7,000 పెట్టాం.

పాప స్కూలు ఏడాదికి 1,65,000, బస్సు నెలకి 3,500. నెలకి చూస్తే 17,250, ఇక్కడికి రెట్టింపు పైనే. అక్కడ ఏ సిలబస్ స్కూల్లోనైనా కన్నడ ఒక భాషగా చదవాలి. నాలుగో తరగతిలో మధ్యలో చేరే పిల్లకి అదొక టెన్షన్ అని వాళ్లమ్మ భయం. తెలుగు చదవడం వచ్చిన పిల్లకి ఆ లిపి ఒక వేసవి సెలవుల పని అని నాన్నగారి ధీమా. నేను ట్యూషన్ గడి ఖాళీగా వదిలేశాను.

ఉమ్మడి వంటిల్లు విడిపోవడం వల్ల వచ్చే ఖర్చు ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు. ఇక్కడ ఐదుగురి వంటకి 17 వేలు ఇస్తున్నారు. అక్కడ ముగ్గురికి 16 వేలు అవుతుంది, ఎందుకంటే బియ్యం కొనాలి, రైతు బజార్ కూరగాయల ధరలు ఉండవు. ఇక్కడ అమ్మానాన్నల వంటింటికి 7 వేలైనా పంపాలి. మొత్తం 23 వేలు. పని మనిషికి 2,500 బదులు 5,500. ఏడాదికి మూడుసార్లు ముగ్గురూ ఊరికి వచ్చిపోవడానికి నెలకి సగటున 7,000. బయట తిండి, బట్టలు, పాప సరదాలు 11,000. మారని ఖర్చులన్నీ కలిపితే, ఒక్కసారి ఖర్చుల వాటాతో సహా, నెలకి 1,59,750. ఆవిడ ఉద్యోగం చేస్తే సాయంత్రం దాకా పాపని చూసే డేకేర్ 9,000 అదనం.

ఒక విషయం మీద కాసేపు వాదన నడిచింది. వీళ్లు వెళ్లిపోతే పై అంతస్తు అద్దెకిస్తే 16 వేలు వస్తుంది కదా, దాన్ని బెంగళూరు వైపు ఆదాయంగా రాయాలా? పుస్తకం ప్రకారం రాయాలి. నాన్నగారిని అడిగారు. "పండక్కి వస్తే ఎక్కడ పడుకుంటార్రా?" అన్నారట. గడిలో సున్నా వేశాను. ఇంటి పెద్ద ఒప్పుకోని ఆదాయం ఆదాయం కాదు.

మూడు దారులు

కుటుంబం అంతా వెళ్లి, ఆవిడకి అక్కడ కూడా ఇలాంటి ఉద్యోగమే చేతికి 34 వేలకి దొరికితే: ఆదాయం 1,83,000, ఖర్చు 1,68,750, మిగులు 14,250. పీఎఫ్ 21,600 కలిపితే 35,850. విశాఖలో 65,900 మిగులుతోంది. అంటే నెలకి 30 వేలు తక్కువ.

ఆవిడకి ఉద్యోగం దొరకకపోతే పీఎఫ్ పోగా నెలకి 10,750 లోటు. సిప్‌లు ఆగిపోతాయి, స్థలం ఈఎంఐ బరువవుతుంది. పీఎఫ్ కలిపి చూసినా పొదుపు 11 వేలు దాటదు.

ఆయన ఒక్కరే వెళ్లి పీజీలో సింగిల్ రూమ్ తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. రూమ్‌కి 17,000, రాకపోకలకి 12,000, సొంత ఖర్చులకి 4,000. ఇక్కడ ఆయన తిండి, పెట్రోలు 5,500 తగ్గుతాయి. మొత్తం ఖర్చు 1,06,500, మిగులు పీఎఫ్‌తో కలిపి 94,100. ఇప్పటికంటే 28 వేలు ఎక్కువ. డబ్బు ఒక్కటే చూస్తే ఇదే మంచి దారి. మన వాళ్లు గల్ఫ్‌కి వెళ్లినా, పెద్ద ఊళ్లలో ఒంటరిగా ఉన్నా అందుకే. ఈ దారి ఎన్నాళ్లు నడుస్తుందన్నది నా షీటులో తేలేది కాదు.

కుటుంబం మొత్తం వెళ్లి కూడా విశాఖలో లాగే మిగలాలంటే ఆయనకి ఎంత ఇవ్వాలి? నెలకి 30 వేలు, అంటే ఏడాదికి 3,60,000 చేతికి అదనంగా రావాలి. ఆయన ఇప్పటికే 25 శాతం శ్లాబులో ఉన్నారు, 24 లక్షలు దాటితే 30 శాతం. పన్ను, సెస్సు పోగా అంత మిగలాలంటే సీటీసీ సుమారు 5 లక్షలు పెరగాలి. 24 చాలదు, 29 కావాలి. విశాఖ జీతానికి అది దాదాపు రెట్టింపు. పీజీ కుర్రాడికి పధ్నాలుగు శాతం, వీళ్లకి తొంభై మూడు శాతం. ఊళ్లు అవే, ఆఫీసు అదే.

భవిష్యత్తు సంగతేంటని ఆయన అడిగారు, సరైన ప్రశ్నే. విశాఖలో ఆయన స్థాయి ఉద్యోగాలు ఇచ్చే కంపెనీలు కొన్నే. బెంగళూరులో రెండేళ్లు చేశాక ఇంకో కంపెనీకి మారి జీతం పెంచుకునే వీలు ఎక్కువ. నేను దాన్ని అంకెగా రాయలేదు. రాయదలిస్తే అద్దె పెరుగుదల కూడా అదే షీటులో రాయాలి. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోయిన ప్రతిసారీ ఓనరు ఐదు నుంచి పది శాతం అడుగుతాడు. మూడో ఏడాదికి 29 లక్షల జీతం అందుకునే నమ్మకం ఉంటే మొదటి రెండేళ్ల తక్కువని పెట్టుబడిగా చూడొచ్చని చెప్పాను. ఏడాదికి మూడున్నర లక్షల చొప్పున రెండేళ్లకి ఏడు లక్షలు. ఆ ధర తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

తర్వాత

ఆయన కంపెనీతో బేరమాడారు. 29 అడిగితే ఇవ్వలేమన్నారు. జాయినింగ్ బోనస్ లక్షన్నర ఇస్తామన్నారు, ఏడాదిలోపు మానేస్తే వెనక్కివ్వాలన్న షరతుతో. విద్యా సంవత్సరం అయ్యేదాకా ఒక్కడినే వెళ్తానని ఒప్పుకుని చేరారు.

కొన్ని నెలల పద్దు ఇప్పుడు నా దగ్గర ఉంది. పీజీ భోజనం మొదటి నెల తర్వాత ముట్టలేదు, యాప్‌లో ఆర్డరు చేసుకునే తిండి, టీ, వీకెండ్ ఖర్చు కలిపి 4,000 కాస్తా 8,000 అయింది. రాకపోకలు 16,000 దాటాయి. సంక్రాంతికి బెంగళూరు నుంచి విశాఖ విమానం టికెట్ కొన్నవాళ్లెవరికీ ఇది వింత కాదు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ముందే చేసుకోవాలంటే సెలవు ముందే తెలియాలి. మొత్తం మీద లాభం 28 వేల నుంచి 20 వేల దగ్గరికి దిగింది. వేరియబుల్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి అందులో పదకొండు వేలు కాగితం మీదివే.

ఈలోగా ఆవిడ ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగారు. ఈ మొత్తం కేసులో నాకు నచ్చిన ప్రశ్న అదే. "ఆ 30 వేలు ఆయన జీతంలోనే పెరగాలా అండీ? నా జీతంలో పెరిగితే లెక్క మారదా?"

మారుతుంది, చాలా మారుతుంది. ఆయనకి అదనంగా వచ్చే ప్రతి రూపాయిలో 26 పైసలు, 24 లక్షలు దాటితే 31 పైసలు పన్నుకి పోతాయి. ఆవిడకి కొత్త విధానంలో జీతం 12,75,000 దాకా పన్నే లేదు. ఆయన ద్వారా 5 లక్షల సీటీసీ పెరిగితే వచ్చేది ఆవిడ ద్వారా 3,60,000కే వస్తుంది. అంటే ఆవిడకి బెంగళూరులో చేతికి 64 వేలు వచ్చే ఉద్యోగం దొరికితే చాలు, ఆయన 24 లక్షల దగ్గరే ఉన్నా విశాఖ మిగులుతో సమానం.

64 వేలు లెక్చరర్‌కి పెద్ద మొత్తమే. కానీ అదే ఉద్యోగం పాప చదివే స్కూల్లో అయితే? చాలా ప్రైవేటు స్కూళ్లు టీచర్ల పిల్లలకి ఫీజులో రాయితీ ఇస్తాయి. సగం రాయితీ అనుకుంటే నెలకి 6,900 తగ్గుతుంది. తల్లీ కూతురూ ఒకే వేళకి ఇంటికొస్తారు కాబట్టి డేకేర్ 9,000 అక్కర్లేదు. 64 వేల లక్ష్యం 48 వేలకి దిగుతుంది. ఆవిడకి బీఎడ్ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, సీబీఎస్‌ఈ స్కూళ్లలో ప్లస్ టూ మ్యాథ్స్ పోస్టుకి అది అడుగుతారు.

ఇద్దరూ వెతకడం మొదలుపెట్టారు. ఆయన లింక్డిన్ పక్కన పెట్టి ఆవిడ రెజ్యూమే పంపే పనిలో పడ్డారు. సర్జాపూర్ రోడ్డు వైపు ఒక స్కూలు డెమో క్లాసు చూసి, చేతికి 44 వేలు, పాపకి ట్యూషన్ ఫీజులో సగం రాయితీ అని చెప్పింది. 48కి నాలుగు వేలు తక్కువ. స్కూలు అటు, ఆఫీసు ఇటు కాబట్టి ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది మళ్లీ మొదటికొచ్చింది. స్కూలు దగ్గర అదే సైజు ఇల్లు 36 వేలకి ఉందంటున్నారు, ఆయనకి ప్రయాణం పెరుగుతుంది. షీటులో అద్దె గడి 42 నుంచి 36కి మార్చి, క్యాబ్ గడిలో 3,000 కలిపి పంపాను. విశాఖతో పోలిస్తే తేడా ఇప్పుడు నెలకి వెయ్యి రూపాయలు.